తిట్టినా లెక్కే

“తిట్టినా లెక్కల్నే వస్తదా అమ్మా?” అని అడిగాడు లింగం.

నాగవల్లి లాప్‌టాప్ మీంచి తలెత్తింది. ఇస్నాపూర్‌లో లింగం ఇంటి మేడగదిలో ఆమె రెండేళ్లుగా కిరాయికి ఉంటోంది. పటాన్‌చెరు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆదివారం నీళ్ల ట్యాంకు కడగడానికి పైకెక్కిన లింగం, ఆమె చేస్తున్న పనేమిటో ఆరా తీశాడు. దేశాల మధ్య సంబంధాల మీద వ్యాసాలు వేసే పత్రిక ఒకటుంది. అందులోని వ్యాసాలను ఎందరు తమ రాతల్లో ఉదహరించారో లెక్కగట్టి, పత్రిక పలుకుబడి ఎంతో తేల్చమని సంపాదకుడు ఆమెకు అప్పగించాడు.

“ఒగలు మెచ్చి పేరు తీస్తరు, ఒగలు తిట్టి పేరు తీస్తరు. రెండు ఒక్కటెట్లయితయ్?”

“లెక్కలో రెండూ ఒకటేనండీ,” అంది నాగవల్లి. అన్నాక ఆమే ఆలోచనలో పడింది.

అన్నిటికన్నా ఎక్కువగా, అరవై ఒక్కసార్లు ఉదహరించిన వ్యాసం ఒకటుందని చెప్పింది. ఒకే నది నీళ్లు పంచుకునే దేశాలు యుద్ధానికి దిగవని దాని సారం. పత్రిక పలుకుబడిలో సగం దాని చలవే. దాన్ని రాసినవారికి వచ్చే నెల సభలో సన్మానం కూడా ఉంది.

లింగం పకపకా నవ్వాడు. “మా పొత్తుల బాయికాడ నీళ్ల వంతుకే మా నాయినోళ్లు తలకాయలు పలగ్గొట్టుకున్నరు. గది రాసినోళ్లు ఎన్నడన్న బాయి మొఖం సూసిండ్రా?”

నాగవల్లి కూడా నవ్వింది. కానీ మర్నాడే ఆ అరవై ఒక్క రచనలూ తెప్పించుకుని చదవడం మొదలుపెట్టింది. ఎక్కడైనా ఒక్క వాక్యం అనుమానంగా తోస్తే మళ్లీ మొదటికి వెళ్లేది. ఫార్మా కంపెనీలో మొదటి షిఫ్టు దిగి వచ్చే లింగానికి రోజూ కాగితాల మీదికి వంగిన ఆమె తలే కనిపించేది. అతని భార్య కౌసల్య పంపిన చాయ్ పక్కనే చల్లారిపోయేది.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, “తేలింది లింగంగారూ,” అంది. “ముప్ఫై ఎనిమిది మంది అది తప్పనే రాశారు. మీరన్నట్టే, పంచుకునే చోటే తగువులెక్కువట.”

అంతలో సంపాదకుడి ఫోను వచ్చింది. లింగం మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

“అంకె మారదు సార్, నిజమే. దాని అర్థం మారుతుంది... లేదు, తప్పన్నవాళ్ల పట్టిక తీయను. అందరూ చూడాల్సిందే... సన్మానం ఆపేయండి సార్.”

గొంతు తడబడలేదు గానీ, ఫోను పెట్టేసరికి కళ్లు చెమర్చాయి.

లింగం మనసు కలుక్కుమంది. “నా నోరు ఊకుండదు. ఏందో అడిగితి, నీకు పరేషాన్ తెచ్చిన. కొలువుకేం కాదు గద?”

“ఏం కాదు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది మీరొక్కరే.”

చదువంటే గిట్లుండాలె అనుకున్నాడు లింగం. అంతలోనే జాలేసింది.

“గని పాపం, ఆ రాసినోళ్లు సన్మానమని ఇంటిల్లిపాదికీ చెప్పుకొని ఉంటరు. ఏడుంటరో చెప్పమ్మా, నేనే పోయి జెర సముదాయిస్త.”

నాగవల్లి కళ్లు తుడుచుకుని చిన్నగా నవ్వింది.

“ఆ వ్యాసం నాదే.”