ముఖం అచ్చు

“ఇక మాట్లాడకూడదు మాస్టారూ. పెదవి కదిలిందంటే అచ్చు పాడైపోతుంది,” అంటూ శిల్పి ఆయన ముఖమంతా తడి ప్లాస్టరు మెత్తాడు. ఊపిరికి ముక్కులో రెండు గొట్టాలు మాత్రం వదిలాడు.

తన విగ్రహానికి తానే చందాలు పోగుచేసుకున్న కెమిస్ట్రీ మాస్టారికి, ఉద్యోగంలో చేరాక నోరు మూతపడటం ఇదే మొదటిసారి.

“కాసేపట్లో వేడెక్కుతుంది, కంగారుపడకండి. ఎందుకంటే మాత్రం నాకూ తెలీదు,” అన్నాడు శిల్పి.

మాస్టారి నాలుక దురదపెట్టింది.

“నేను చెప్తాను బాబూ,” అంది పక్కనున్న భార్య. “ఒకరకం రాయిని కాల్చి ఈ పొడి చేస్తారు. కాలేటప్పుడు ఆ రాయి వేడిని మింగి, నీళ్లు వదిలేస్తుంది. ఇప్పుడు మీరు మళ్లీ నీళ్లు కలిపారుగా, మింగిన వేడంతా కక్కుతోంది.”

“ఎంత బాగా చెప్పారమ్మా! మాస్టారు నేర్పారా?”

“అన్నం ఎందుకు ఉడుకుతుందో రోజూ నేర్పుతారు. ఇది మాత్రం కాలేజీలో నేర్చుకున్నా. మా ఇద్దరిదీ ఒకే క్లాసు. ఫస్టు నేనే.”

“మరి మాస్టారో?”

“వెనక బెంచీలోంచి నా పేపరు చూసి రాసేవారు.”

ఆ సంగతి ఆవిడ ఏనాడో మరచిపోయి ఉంటుందని మాస్టారు ఇన్నాళ్లూ నమ్ముతూ వచ్చారు.

ప్లాస్టరు వేడెక్కింది, గట్టిపడింది, చల్లారింది. శిల్పి అచ్చు ఊడదీశాడు. మాస్టారి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

“అయ్యో, వేడికి కాలిందా మాస్టారూ?” అన్నాడు శిల్పి.

అవునని చెప్పబోయారు మాస్టారు. ఆ కాస్త వేడికి ముఖం ఇంతలా కందదని తెలిసిన మనిషి, తడి తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.