మోకాలు: ఏడు

సోమవారం పొద్దున ప్రాక్టీసుకు ముందు ఆటగాళ్లందరూ ఒక ఫారం నింపాలి.

మెడ, భుజం, నడుము, మోకాలు. ఎక్కడ ఎంత నొప్పో సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. జర్మనీ కదా, కాగితం లేనిదే ఏ పనీ కాదు.

అందరూ వరసగా సున్నాలు చుట్టి పోయేవాళ్లు. గోడ పట్టుకుని మెట్లు దిగినవాడిదీ సున్నాయే. నొప్పి అని రాస్తే ఆ వారం ఆటలో చోటు పోతుందని భయం.

ఆ రోజు కెప్టెన్ కాల్విన్ మాత్రం పెన్ను పట్టుకుని కాసేపు ఆగాడు. తర్వాత "మోకాలు: ఏడు" అని రాశాడు.

మనోజ్ఞ తెల్లబోయింది. హానోవర్‌లోని ఆ అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్‌లో ఆటగాళ్ల గాయాల డేటా సేకరించి, ఎవరు ఎంతకాలం ఆడగలరో అంచనా వేసే కంప్యూటర్ మోడల్ తయారుచేయడం ఆమె ఉద్యోగం. చేరి ఆరు నెలలు కావస్తోంది. ఒక నిజమైన అంకెను చూడటం అదే మొదలు.

"నిజంగా ఏడా?"

"నిజమే రాయమన్నావుగా."

"ఈ అంకె ఈ గది దాటదు. మాటిస్తున్నాను."

కాల్విన్ నవ్వి, కుంటుకుంటూ మైదానంలోకి వెళ్లాడు.

అతను క్వార్టర్‌బ్యాక్. బంతి విసరడం ఆ స్థానంలో ఉన్నవాడి పని. కాల్విన్ మాత్రం విసిరేదానికన్నా బంతి చంకన పెట్టుకుని తనే పరుగెత్తేది ఎక్కువ. పరుగెత్తిన ప్రతిసారీ వంద కిలోల మనుషులు ఇద్దరో ముగ్గురో మీద పడతారు. లేచి, జెర్సీ దులుపుకుని, మళ్లీ పరుగెత్తేవాడు. వయసు ముప్పై ఒకటి.

మరుసటి వారం మనోజ్ఞ ప్రొబేషన్ దాటింది. ఏడాది కాంట్రాక్టు చేతికొచ్చింది. తన మోడల్ అంత బాగుండబట్టే ఇచ్చారని అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంది.

సీజను ముగిశాక ఆమె టీమ్ లీడ్ విక్రాంత్ వచ్చాడు.

"కాల్విన్ రెండేండ్ల కాంట్రాక్ట్ అడుగుతుండు. ఇంకో రెండు సీజన్లు ఉరుకుతడా, లేదా? కొత్త డైరెక్టర్‌కు రేపటికల్లా రిపోర్ట్ కావాలంట. ఆ సోమవారం ఫారాల ఫైల్ ఇయ్యి."

"అన్నా, అవి ట్రీట్‌మెంట్ కోసం తీస్కున్నయి. బయటికి ఇయ్యనని వాళ్లకు మాటిచ్చిన."

"పేర్లు తీసేస్తనమ్మా! ఇక్కడి డాటెన్‌షుట్స్, అదే డేటా ప్రైవసీ రూల్స్ నాకు తెల్వయా?"

ఇచ్చింది.

మర్నాడు మీటింగులో తెర మీద నిజంగానే పేర్లు లేవు. పేర్ల చోట జెర్సీ నంబర్లున్నాయి.

మనోజ్ఞ విక్రాంత్ వైపు వంగింది. "ఇదేందన్నా?" అని గుసగుసగా అడిగింది.

"జెర్సీ నంబర్ పేరెట్లయితది?" అన్నాడు విక్రాంత్.

నంబర్లన్నీ పచ్చగా ఉన్నాయి. తొమ్మిది ఒక్కటే ఎర్రగా ఉంది. కాల్విన్ జెర్సీ నంబరు తొమ్మిదని క్లబ్ బయట చిప్స్ అమ్మేవాడికి కూడా తెలుసు.

"వీడి ఒంట్లో బాగున్న చోటే లేదు" అన్నాడు కొత్త డైరెక్టర్. "రెండో క్వార్టర్‌బ్యాక్‌ను చూడండి, ఏడాదంతా సున్నాలే. మనకు అతనే నయం."

ఆ సున్నాలు ఎంత అబద్ధమో మనోజ్ఞకు తెలుసు. ఆ మాట చెబితే, తన మోడల్ అబద్ధాల మీద నిలబడిందని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే కాంట్రాక్టు పొడిగించరు. కాంట్రాక్టు లేకపోతే జర్మనీలో ఉండి పనిచేసుకోనిచ్చే బ్లూ కార్డ్ లేదు.

"నువ్వేమంటావు?" డైరెక్టర్ ఆమె వైపు తిరిగాడు.

"డేటా అదే చెప్తోంది" అంది.

ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆమెకే తెలియదు.

శుక్రవారం కాల్విన్ లాకరు ఖాళీ చేశాడు. సంచి భుజాన వేసుకుని ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నొప్పి ఉందని రాసింది నేనొక్కణ్నే కదూ?"

ఆమె అవునని తల ఊపింది.

"ఆ ఏడుతోనే సీజనంతా పరుగెత్తాను. ఒక్క ఆట మానలేదు. అది మీ ఫారంలో ఎక్కడైనా ఉందా?"

లేదు. దానికి గడి లేదు.

"నిన్ను నమ్మాను" అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. అలా అనలేదు. కుంటుకుంటూ ట్రామ్ స్టాప్ వైపు వెళ్లిపోయాడు. మనోజ్ఞకు పరుగెత్తి ఆపాలనిపించింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

కాంట్రాక్టు పొడిగించారు. బ్లూ కార్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ కూడా దొరికింది. దానికి కాగితాలు కావాలంటే హెచ్ఆర్‌లో పనిచేసే ఫ్రావ్ ఎంగెల్కె ఫైలు మొత్తం ఆమె ముందు పెట్టింది.

"మీదే కదా, కావలసినవి కాపీ తీసుకోండి."

కాపీ మెషిన్ దగ్గర ఒక్కో కాగితం తిప్పుతుంటే ప్రొబేషన్ నాటి తన పనితీరు ఫారం కనబడింది. తేదీ చూసింది. కాల్విన్ మొదటిసారి ఏడు వేసిన సోమవారానికి ముందు శుక్రవారం.

పైన అప్పటి డైరెక్టర్ రాత: "ఆటగాళ్లందరూ సున్నాలే రాస్తున్నారు. ఈమె సేకరించే డేటా దేనికీ పనికిరాదు. ప్రొబేషన్‌తోనే పంపేద్దాం."

కింద, కెప్టెన్ అభిప్రాయం అనే గడిలో, ఆమె ప్రతి సోమవారం చూసిన అదే చేతిరాత: "ఆ అమ్మాయిని పంపొద్దు, సోమవారం నుంచి నేనొక్కణ్నైనా నిజం రాస్తాను."