ఐదో ఆల్బమ్

డెబ్భైలలో సికింద్రాబాద్‌లో పేరు మోసిన ఒక రాక్ బ్యాండ్‌కి డ్రమ్మర్ విల్సన్. ఒక్కో పాట అరగంట సాగేది. నాలుగు ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. ఇప్పుడు పాత బ్యాండ్లన్నిటి పేరిట ఏఐ యంత్రాలు కొత్త పాటలు అల్లి, అసలువాటిలో కలిపేస్తున్నాయి.

ముసలివాడైన విల్సన్‌కి అన్నం పెడుతూ కూతురు సుకీర్తి ఫోన్‌లో ఆ బ్యాండ్ ఆల్బమ్‌లు వరసగా వినిపిస్తోంది. నాలుగోది అయిపోగానే ఐదోది మొదలైంది. డ్రమ్స్ అచ్చం ఆయన చేతివే. బ్యాండ్‌లో ఇప్పుడు బతికున్నది విల్సన్ ఒక్కడే.

"ఇది నువ్వు వాయించలేదు కదా డాడీ?"

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"వాయించిన బిడ్డా. ఆ రోజు మీ మమ్మీ వానల తడుసుకుంట స్టూడియోకి వచ్చింది."

అమ్మకీ ఆయనకీ పరిచయమైంది బ్యాండ్ విడిపోయిన తర్వాత. సుకీర్తి పాట ఆపబోయింది. కానీ అమ్మ ఏ చీర కట్టుకుందో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.