కూర్ ఉచితం

పరాసు భాషలో, అంటే ఫ్రెంచిలో, ‘కూర్’ అంటే తరగతి. దానికి పుస్తకం ఓడలో రావాలి; వెల విన్నవాళ్లు మళ్లీ కనబడరు. ఒర్లియంపేటలో దేవరాజన్ అయ్యవారి కూర్‌కి ముగ్గురే మిగిలారు. పదిమందైనా లేకుంటే తరగతి మూసెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది.

అయ్యవారు వేసవంతా కూర్చుని పాఠాలను చేత్తో ఇరవై ప్రతులు రాసి, చాటింపు వేసే ఇరుసప్పన్‌ను పిలిచాడు.

“కూర్ ఉచితం, పుస్తకం ఉచితం, రేపు పదింటికి అని చాటు.” చదువురాని మనిషి కదా అని ‘కూర్’ను మూడుసార్లు పలికించాడు.

మర్నాడు పదింటికి వాకిలి నిండా ఆడవాళ్లు, చేతుల్లో గిన్నెలు.

“కూర యాడ సామీ?” అంది ముందున్నామె.

అయ్యవారు ఒక పుస్తకం తీసి ఆమె గిన్నెలో పెట్టాడు.

“దీనికెంత?”

“ఊరికేనమ్మా.”

ఆమె రెండు పేజీలు తిప్పి చతికిలబడింది. “అట్లయితే చెప్పండి. రేపట్నించి మాత్రం మూడింటికి పెట్టండి. ఇది పొయ్యికాడ ఉండాల్సిన పొద్దు.”

మిగతావాళ్లూ కూర్చున్నారు. పుస్తకాలు చాల్లేదు.

అయ్యవారు ఇరుసప్పన్ మీద విరుచుకుపడ్డాడు. “కూర్‌ని కూర చేసేస్తివి గదయ్యా!”

ఇరుసప్పన్ తప్పెట దించి, హాజరు పట్టీ అందుకున్నాడు. పైన పరాసులో ‘కూర్’ అని తప్పులేకుండా రాసి, కింద తన పేరు రాసుకున్నాడు.

“మీ ముందటి అయ్యవారి కాడ పుస్తకం కొనలేక మానేసినోణ్ణి సామీ. ‘కూర్’ చివర రాసేదే గానీ పలకని అక్షరం ఒకటుంది గదా. పలకనిదాన్ని నేనెట్ల చాటేది?”