మొదటి చేప

ఏరు కడలిలో కలిసే మా మొగను చంపింది ఎగువనున్న పాలడైరీ యజమానులు. పేడనీళ్లు ఏట్లోకి వదిలారు. ఇనంగా అనే చిన్నచేపలు గుడ్లుపెట్టే ఒడ్డుగడ్డి పాచిపట్టి కుళ్లిపోయింది.

ఒకప్పుడు ఇక్కడ వల పెట్టే చోటు కోసం కొట్టుకునేవాళ్లు. ఇవాళ హినెరంగి అత్త ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎవరూ రాలేదేం అత్తా?" అన్నాను, డైరీ మీద అచ్చేసిన కరపత్రాల కట్ట చంకలో పెట్టుకుని.

"వచ్చాడమ్మా కరపత్రాల దొర! నీ కాగితాలు చూసి చేపలొస్తాయేమో, చదువు."

పోటు తగ్గుతుండగా వల ఎత్తింది. అడుగున ఒకే ఒక్క చేపపిల్ల, అగ్గిపుల్లంత, గాజులా మెరుస్తోంది. అత్త దాన్ని దోసిట్లోకి తీసుకుని నీళ్లలో వదిలేసింది.

"అయ్యో, ఉన్నదొక్కటే కదే!" అని అరిచాను.

"మొదటి చేప తంగరోవాదిరా. కడలిదేవుడి వాటా మనం తింటామా?"

"మరి మన వాటా?"

అత్త వల మడిచింది. "ఇవాళ్టితో సీజను అయిపోయింది," అంది.

రెండు నెలలుగా రోజూ ఇక్కడ కూర్చున్న మనిషికి అదే మొదటి చేప అని అప్పుడర్థమైంది.

రేపు పొద్దున ఏడింటికి డైరీ గేటు దగ్గరికి రండి. మీ ఖాళీ వలలు పట్టుకు రండి. అత్త ఆరింటికే వచ్చేస్తుంది. ఆమెను అక్కడ కూడా ఒక్కతినే కూర్చోబెట్టకండి.