మావాడి కళ్ళకి కట్టు

"ఈ పలుచటి పట్టీ చాలు పెద్దమ్మా. బొబ్బకి అంటుకోదు, వారం దాకా విప్పక్కర్లేదు," అంది నర్సు, నూనె పడి కాలిన కోడలి చెయ్యి పట్టుకుని.

"అదేం కట్టమ్మా, తపాలా బిళ్ళంత ఉంది. మోచేతి దాకా దూది పెట్టి చుట్టు," అంది అత్త.

కోడలికి ఒళ్ళు మండింది. "కాలింది నాకు అత్తయ్యా. ఈ ఆర్భాటం మీకెందుకు?"

"గాయానికి ఆవిడ చెప్పిందే వెయ్యనీ. దానిమీద చుట్టే పెద్ద కట్టు మావాడి కళ్ళకి. ఈ బిళ్ళ చూస్తే వాడు సాయంత్రానికే టీ పెట్టమంటాడు. మీ మామగారు, మహానుభావుడు, ఆ పూటే నాచేత వంట చేయించాడు."

అత్త గాజులు పైకి తోసింది. వాటి కింద అరచేయంత పాత కాలిన మచ్చ ఉంది.

కోడలు దాన్ని చూసి నర్సు వైపు తిరిగింది.

"సిస్టర్, అత్తయ్యక్కూడా ఒకటి చుట్టండి," అంది. "లేకపోతే ఆ టీ ఈవిడ పెట్టాల్సొస్తుంది."