ఆదివారం డ్రాగన్

"నాన్నా, దూకు! ముందు గొయ్యి!"

పాప కేకకి వీడియో గేమ్స్ షాపులో నలుగురూ తిరిగి చూశారు. స్తంభం పక్కన నిలబడ్డ టైలర్ గుండెల్లో మాత్రం సూది దిగినట్టయింది. ఆ పిలుపు తనని కాదు. పాప పక్కన కూర్చుని జాయ్‌స్టిక్ తిప్పుతున్న చారల చొక్కావాణ్ణి.

ప్రతి ఆదివారం ఇదే వరస. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వాళ్ళిద్దరూ ఆ మెషిన్‌కి అతుక్కుపోతారు. టైలర్ దూరంగా నిలబడి కుళ్ళుకుంటాడు.

దగ్గరికి వెళ్ళే వీల్లేదు. పాప వాళ్ళమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

"కోర్టు కాగితంలో ఎలా ఉందో అలాగే నడుచుకోండి. వాళ్ళ మధ్యకి మాత్రం వెళ్ళకండి. గొడవ పెట్టుకున్నారంటే మళ్ళీ లాయర్ల చుట్టూ తిరగాలి."

తిరగలేక నోరు మూసుకున్నాడు. కడుపుమంట మాత్రం ఏ కాగితానికీ లొంగలేదు.

అసలు తనేం తక్కువ చేశాడు? పాప ఒంటి మీది ఆ నీలం గౌను కుట్టిందెవరు? పిల్ల పొడుగైందని దాని అంచు విప్పి మళ్ళీ కుట్టిందెవరు? జ్వరమొస్తే మూడు రాత్రులు కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చిందెవరు? ఇంత చేస్తే పిలుపు మాత్రం వాడికా! తనతో పనిపడితే పాప "ఇదిగో" అంటుంది. లేదంటే చొక్కా పట్టుకుని లాగుతుంది. అంతే.

పోనీ, వాడేమైనా గొప్పగా ఉంటాడా అంటే అదీ లేదు. కాలరు అరిగిపోయి పోగులొస్తోంది. గుండీల్లో రెండు ఒక రంగు, మూడు ఇంకో రంగు. ఆ చొక్కా ఇస్త్రీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో! ఇలాంటి మనిషిని చూసి ఈ పిల్ల ఎలా మురిసిపోతోందో టైలర్‌కి బొత్తిగా అర్థం కాలేదు.

ఆ ఆటేదో తనూ నేర్చుకుంటే పోలా అని మొన్న బుధవారం ఒక్కడే వచ్చాడు. టోకెన్లిచ్చే ఆవిడ దగ్గరుండి చెప్పింది.

"ఏముందండీ, కోట దాకా కుడివైపు పోతూనే ఉండాలి. గోతులొస్తే దూకాలి, రాక్షసులొస్తే కొట్టాలి. ఆఖరి దెబ్బ ఎవరు కొడితే బలం వాళ్ళకే పెరుగుతుంది. బలాన్ని బట్టి కొత్త కత్తులు, కొత్త మంత్రాలు. చిట్టచివర డ్రాగన్. మధ్యలో వదిలేశారో, సంపాదించిందంతా గోవిందా! మళ్ళీ మొదటినుంచే."

టైలర్ వరసగా మూడుసార్లు మొదటి గోతిలోనే పడి చచ్చాడు.

"మీకెందుకండీ ఈ తిప్పలు? హాయిగా చూస్తూ నిలబడండి" అని ఆవిడ పకపకా నవ్వింది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇంటికి నడిచినంతసేపూ ఆవిణ్ణీ, ఆ గోతినీ, చారల చొక్కానీ కలిపి తిట్టుకున్నాడు.

ఇవాళ మళ్ళీ చూస్తూ నిలబడ్డాడు.

చారల చొక్కా నడిపే కత్తివీరుడు ఒక్కో రాక్షసుణ్ణీ చితక్కొట్టి, కొసప్రాణంతో వదిలేస్తున్నాడు. ఆఖరి దెబ్బ పాప మంత్రగత్తెది. అలా అలా మంత్రగత్తె పన్నెండో లెవెల్‌కి చేరింది. వీరుడు ఇంకా నాలుగులోనే ఉన్నాడు. పాత కత్తి, చిరిగిన కవచం.

'అబ్బో, ఏం త్యాగం! పిల్లని బుట్టలో వేసుకోవడమంటే ఇదే' అని పళ్ళు కొరికాడు టైలర్.

ఉన్నట్టుండి తెరంతా ఎర్రబడింది. రెక్కలు విప్పుకుంటూ డ్రాగన్ దిగింది. టోకెన్ల ఆవిడ కౌంటరు వదిలి పరుగెత్తుకొచ్చింది.

"అయిదు నెలలకి చేరారు కదండీ దీని దాకా!"

పాప స్టూలు మీద లేచి నిలబడింది. "నాన్నా, నువ్వు చచ్చిపోకు! నేనొక్కదాన్నే కొట్టలేను."

"నేనెక్కడికీ పోను తల్లీ. నువ్వు మంత్రం వెయ్యి."

టైలర్ గోడగడియారం చూశాడు. అయిదూ యాభై. డ్రాగన్‌కి సగం ప్రాణం పోయింది. ఇంకో అయిదారు నిమిషాల్లో అది చస్తుంది. చచ్చిందా, పాప ఎగిరి వాడి మెడకి చుట్టుకుంటుంది. ఇక ఆ "నాన్నా" అన్న పిలుపు ఈ జన్మలో తన వైపు తిరగదు.

అంతే, ఆగలేకపోయాడు. కాగితం లేదు, లాయరు లేడు. విసవిసా వెళ్ళి పాప చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడింది చాలు. పద!"

"ఇదిగో, ఇంకొంచెంసేపే! ప్లీజ్!" పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చారల చొక్కా మీదపడి కొడతాడనుకున్నాడు టైలర్. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. వాడు లేవను కూడా లేదు. డ్రాగన్ మంటకి పాప మంత్రగత్తె కాలిపోకుండా తన వీరుణ్ణి అడ్డం పెట్టి, తల తిప్పకుండానే బతిమాలాడు.

"వారమంతా మీ ఇంట్లోనే ఉంటుంది కదండీ, కన్నతండ్రినని కోర్టు నాకిచ్చినవి ఈ రెండు గంటలే, అందులో ఇంకా పది నిమిషాలున్నాయి."